డబుల్ లాన్యార్డ్ సేఫ్టీ బెల్టు: కొనేముందు హుక్కు, తొడిగేముందు ఎత్తు చూడాలి

సికింద్రాబాద్ రాణీగంజ్ షాపుల్లో సేఫ్టీ బెల్టు అడిగితే మూడు రకాలు తీసి బల్ల మీద పెడతారు: నడుముకి మాత్రమే కట్టేది, ఒకే తాడున్న ఫుల్ బాడీ హార్నెస్ (ఒళ్లంతా పట్టీలతో తొడుక్కునేది), రెండు తాళ్లతో (డబుల్ లాన్యార్డ్) పాటు షాక్ అబ్సార్బర్ కూడా ఉన్న హార్నెస్. నడుం బెల్టు మనిషిని అంచు దాకా పోనీకుండా ఆపడానికి పనికొస్తుంది గానీ, పడ్డవాణ్ణి పట్టుకోవడానికి కాదు. పడితే దెబ్బంతా నడుం మీదే, వెన్ను విరగొచ్చు. ఒంటి తాడుదైతే హుక్కు తీసి ఇంకోచోట వేసే ప్రతిసారీ ప్రాణం గాల్లో దీపమే. స్కాఫోల్డింగ్ (పరంజా) పనికి మూడోదే సరైనది. ఐఎస్ 3521 (సేఫ్టీ బెల్టుల భారతీయ ప్రమాణం) గుర్తు, తయారీ తేదీ ఉన్న లేబుల్ బెల్టుకే కుట్టి ఉండాలి. డబ్బా మీద అచ్చేసింది లెక్కలోకి రాదు.

ముందు హుక్కు చూడండి. స్కాఫోల్డింగ్ పైపు బయటి వ్యాసం 48 మిల్లీమీటర్లు. చవక సెట్లలో వచ్చే చిన్న హుక్కు దాని చుట్టూ పట్టదు. పట్టకపోతే పనివాడు తాడునే పైపుకి చుట్టి హుక్కుని తాడుకే తగిలిస్తాడు. అలా వాడటానికి చేయని తాడు ఆ మడత దగ్గరే తెగొచ్చు. 50 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకునే, రెండుచోట్ల నొక్కితే గానీ తెరుచుకోని పెద్ద హుక్కే తీసుకోవాలి. స్టీలుదైతే బరువు, నడుస్తుంటే మోకాళ్లకి కొట్టుకుంటుంది. అల్యూమినియందైతే సుఖం, ధర మాత్రం ఎక్కువ.

షాక్ అబ్సార్బర్ అంటే మడతలు పెట్టి కుట్టిన పట్టీ. పడ్డప్పుడు ఆ కుట్లు ఒక్కొక్కటే ఊడుతూ ఒంటి మీద పడే దెబ్బని 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల బరువు దాటకుండా ఆపుతాయి. చిక్కంతా ఎత్తుతోనే. కాళ్ల దగ్గర హుక్కు వేస్తే తాడు 2 మీటర్లు, అబ్సార్బర్ సాగేది 1.75, వీపు రింగు నుంచి పాదాల దాకా 1.5, పైన 1 మీటరు జాగ్రత్తకి. మొత్తం 6.25 మీటర్లు కింద ఖాళీ ఉండాలి. మొదటి అంతస్తు స్లాబు అంచున అలా కట్టుకున్నవాడు అబ్సార్బర్ పూర్తిగా తెరుచుకునేలోపే నేలకి తగులుతాడు. అక్కడ హుక్కు తలకన్నా పైన వేయాలి, లేదా అంచు దాకా పోనివ్వని పొట్టి తాడు వాడాలి. తాడుని దానంతటదే లోపలికి చుట్టుకునే బ్లాకు ఇంకా మేలు, కాకపోతే ఖరీదు.

ఖాళీగా ఉన్న రెండో హుక్కుని చాలామంది నడుం పక్కనున్న ఇనుప రింగుకి తగిలిస్తారు. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది, కానీ ఆ రెండో తాడు బిగుసుకుని అబ్సార్బర్ సరిగా తెరుచుకోదు. హుక్కు పెట్టుకోవడానికి ఛాతీ దగ్గర, గుంజితే ఊడిపోయే లూపు విడిగా ఉంటుంది. అది లేని మోడల్ కొనొద్దు.

తొడిగేటప్పుడు వీపు రింగు పట్టుకుని దులిపితే పట్టీలు చిక్కు విడిపోతాయి. రింగు రెండు రెక్కల ఎముకల మధ్య నిలవాలి. తొడ పట్టీలోకి అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. ఎండ వేడికి తట్టుకోలేకో, బాత్‌రూమ్‌కి పోవాల్సొస్తుందనో తొడ పట్టీలు పెట్టుకోకుండా వదిలేస్తుంటారు. అలా పడితే మనిషి బెల్టులోంచి జారిపోతాడు. పడి వేలాడుతున్నవాడికి కాళ్లలో నెత్తురు నిలిచి నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. దింపే నిచ్చెనో లిఫ్టో ముందే సిద్ధంగా ఉండాలి.

రోజూ పొద్దున పట్టీని వేళ్ల మధ్య వంచి చూస్తే తెగిన పోగులు పైకి లేస్తాయి. వెల్డింగ్ రవ్వ పడ్డచోట గట్టిగా, నిగనిగలాడే మచ్చ తగులుతుంది. ఆ బెల్టు పక్కన పెట్టేయండి. సిమెంటు పాలు పడితే సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి.

బెల్టు డబ్బులు కూలీలో కోసే మేస్త్రీలున్నారు. భద్రత కోసం ఇచ్చినదేదానికీ పనివాడి దగ్గర పైసా తీసుకోకూడదని 2020 నాటి వృత్తి భద్రత కోడ్ చెబుతోంది.

ఒక్కసారి పడినవాణ్ణి ఆపిన బెల్టు పైకి కొత్తగానే కనిపించినా మళ్లీ పనికిరాదు. చెత్తలో వేసేముందు కత్తెరతో పట్టీలు ముక్కలు చేయండి, లేకపోతే వారం తిరక్కుండా ఇంకో సైట్లో ఎవరో తొడుక్కుంటారు.