వినీర్ల ప్లాన్ మధ్యలో డెంటిస్ట్‌ను మార్చాను: మూడేళ్ళ తర్వాత నా సమీక్ష

బెంగళూరులో ఒక పెద్ద క్లినిక్‌లో ముందు పళ్ళకు వినీర్లు (పంటి ముందు వైపు అతికించే పలుచని పింగాణీ పొరలు) వేయించుకుందామని అడ్వాన్స్ కట్టాను. ఎక్స్‌రే, స్కాన్, కంప్యూటర్‌లో డిజైన్ అన్నీ అయ్యాయి. ఇక పళ్ళు అరగదీయడమే తరువాయి అన్నప్పుడు అక్కడ మానేసి వేరే డాక్టర్ దగ్గరకు వెళ్ళాను. అది జరిగి మూడేళ్ళు దాటింది. వేయించుకున్న వారంలో రాసే సమీక్షల్లో అందరి పళ్ళూ బాగానే ఉంటాయి, అందుకే ఇన్నాళ్ళు ఆగాను.

మాది కనిగిరి వైపు. మా ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. పళ్ళు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, అంతకు మించిన నీళ్ళు తాగుతూ పోతే పంటి గట్టి పైపొర, అంటే ఎనామెల్, ఏర్పడేటప్పుడే తెల్ల మచ్చలు, గోధుమరంగు చారలు పడతాయి. క్లీనింగ్ చేయిస్తే పోయే గార కాదది. మారతహళ్ళిలో మా ఫ్లాట్‌కు వచ్చే మనవాళ్ళలో ప్రకాశం, నల్గొండ వాళ్ళు నవ్వితే నాకు వెంటనే తెలిసిపోతుంది. వాళ్ళకీ నా సంగతి అలాగే తెలుస్తుందనుకోండి.

మొదటి క్లినిక్‌లో పై వరసకు పది వినీర్లు అన్నారు. ఒక్కోటి రూ.14,000. ఆఫీసు ఇన్సూరెన్స్ కాస్మెటిక్ పనికి పైసా ఇవ్వదు, కాబట్టి ఈఎంఐ ఫారం కూడా టేబుల్ మీద సిద్ధంగా ఉంది. మాట్లాడింది ఎక్కువగా డాక్టర్ కాదు, ట్రీట్‌మెంట్ కోఆర్డినేటర్. వెళ్ళిన ప్రతిసారీ డాక్టర్ మారేవారు. స్క్రీన్ మీద నా ముఖానికి తెల్లగా మెరిసే పళ్ళు అతికించి చూపించారు. బాగానే ఉంది, కానీ అవి ఎవరి ముఖానికైనా అతికే పళ్ళు. "నిజం పళ్ళ మీద ఒకసారి నమూనా పెట్టి చూపిస్తారా?" అని అడిగితే, "ఫొటోలో చూశారుగా మేడమ్" అన్నారు. వినీరుకు పంటి ముందు భాగం సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా అరగదీస్తారు. పోయిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. పది పళ్ళకు అలా చేసే ముందు చిన్న నమూనాకే బద్ధకించారంటే నాకు మనసొప్పలేదు.

మానేస్తానన్న తర్వాత అసలు టెన్షన్ మొదలైంది. డిజైన్ ఖర్చు పోను మిగతా అడ్వాన్స్ ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా, కాకపోతే చాలా ఫోన్లు చేయించుకున్నాక. ఈఎంఐ ఫారం మీద సంతకం పెట్టకపోవడం కలిసొచ్చింది. లోన్ డబ్బు ఒకసారి క్లినిక్‌కు చేరిపోయుంటే, వాళ్ళు వెనక్కి పంపేదాకా వాయిదాలు మన ఖాతాలోనే పడుతుంటాయి. స్కాన్ ఫైళ్ళు అడిగితే "మా సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటాయి" అన్నారు. ఎస్‌టీఎల్ ఫార్మాట్‌లో ఇస్తే ఏ ల్యాబ్‌లోనైనా తెరుచుకుంటాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రికార్డుల నకలు తీసుకునే హక్కు, రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకునే హక్కు రెండూ ఉన్నాయి. ఆ మాట రాస్తూ మెయిల్ పెట్టాక ఫైళ్ళు, ఎక్స్‌రే, ఫొటోలు వచ్చాయి. నోటితో అడిగినన్నాళ్ళూ రాలేదు.

రెండో డాక్టర్ గారు మల్లేశ్వరంలో సొంత క్లినిక్ నడిపే ప్రోస్తోడాంటిస్ట్, అంటే కృత్రిమ పళ్ళు, తొడుగులు అమర్చడంలో నిపుణురాలు. సొంతూరు మదనపల్లె. ఆ ఫైళ్ళన్నీ ఓపిగ్గా చూశారు. ఎక్స్‌రే పనికొస్తుందన్నారు, స్కాన్ మాత్రం పక్కన పెట్టేశారు. క్లీనింగ్ చేయకుండా, చిగుళ్ళు వాచి ఉన్నప్పుడు తీసిన స్కాన్ అది. వాపు తగ్గితే చిగురు అంచు జరుగుతుంది, పాత కొలతలతో వినీరు చేస్తే అంచు బయటపడుతుంది. తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఏమ్మా, నిద్రలో పళ్ళు కొరుకుతావా?" కొరుకుతానని మా ఆయన చెప్పాడు. ఇంత డబ్బు పోసి చేయించేదానికి ఈ సంగతి అంతకుముందు ఎవరూ అడగలేదు.

ప్లాన్ మొత్తం మారిపోయింది. ముందు క్లీనింగ్. ఆ తర్వాత ఆమ్లం, గరుకు పొడి కలిసిన పేస్టుతో పైపొరను కొద్దిగా రుద్దే మైక్రోఅబ్రేషన్. ఆపైన ఇంట్లో రాత్రిపూట ట్రేలో జెల్ పెట్టుకునే బ్లీచింగ్. మొదట్లో తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించి ఏడుపొచ్చింది. చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది. బ్లీచింగ్ ఆపాక రెండు వారాలు ఆగమన్నారు. వెంటనే అతికిస్తే పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల జిగురు సరిగా పట్టదట, పైగా రంగు కూడా ఈలోపు స్థిరపడుతుంది. పింగాణీని తర్వాత బ్లీచ్ చేయలేం కాబట్టి, ముందు పళ్ళ రంగు తేలాకే వినీరు రంగు ఎంచాలి. అదీ కిటికీ దగ్గర, పగటి వెలుతురులో.

చివరికి వినీర్లు రెండే, మధ్య పళ్ళకు, లిథియం డైసిలికేట్ అనే గట్టి రకం పింగాణీవి. పక్క రెండింటికి కాంపోజిట్, అంటే పంటి రంగులో ఉండే రెసిన్. ఏదీ అరగదీయకముందే మైనం నమూనా నుంచి తీసిన అచ్చుతో తాత్కాలిక పళ్ళు పెట్టి, "కాఫీ, ఫోన్" లాంటి మాటలు పలికించారు. 'ఫ' దగ్గర పంటి అంచు కింది పెదవికి ఎక్కడ తగులుతుందో చూసి పొడవు తగ్గించారు. మొదటి చోట నేను అడిగింది ఇదే.

ఇప్పుడు ఎలా ఉన్నాయంటే, పింగాణీవి రెండూ వేసిన రోజులాగే ఉన్నాయి. కాంపోజిట్ అంత గొప్పగా లేదు. ఫిల్టర్ కాఫీకి అంచుల్లో పసుపు తేలుతోంది, ఏడాదికోసారి పాలిష్ తప్పడం లేదు. సంక్రాంతికి అమ్మ చేసిన చెక్కలు కొరికి ఒక మూల ఎగరగొట్టుకున్నాను. ఒక్క సిట్టింగ్‌లోనే సరిచేశారు, కాంపోజిట్‌కు ఉన్న సుఖం అదే. కోరపళ్ళు కొంచెం పసుపుగానే మిగిలాయి, ఫొటోల్లో నాకు కనిపిస్తుంది, ఇతరులకు చెబితే గాని తెలియదు. నిద్రలో పళ్ళు కొరికితే దెబ్బ తినకుండా రాత్రి పెట్టుకునే తొడుగు, నైట్‌గార్డ్, ఇప్పటికీ విసుగే.

ఖర్చు మొదటి అంచనాలో సగం కూడా కాలేదు. సమయం మాత్రం బాగా పట్టింది. ఆదివారం క్లినిక్ ఉండదు, మారతహళ్ళి నుంచి మల్లేశ్వరం ట్రాఫిక్ సంగతి ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వచ్చే నెల పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు ఈ పద్ధతి కుదరదు. అలాంటివాళ్ళు క్లీనింగ్, బ్లీచింగ్‌తో సరిపెట్టుకుని, పళ్ళు అరగదీసే పని పెళ్ళయ్యాక చూసుకోవచ్చు.