చూసి రాయడమా, వింటూ రాయడమా, పుస్తకం మూసి రాయడమా: ఏది మేలు?

రాస్తేనే చదువు వంటబడుతుందని ఉపాధ్యాయులందరూ చెబుతారు. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, ఏ రాత వల్ల ఏం వస్తుందో విడదీసి చూడకపోతే అది సగం నిజంగానే మిగులుతుంది. తరగతి గదిలో జరిగే రాత ముఖ్యంగా మూడు రకాలు: బోర్డు మీదో పుస్తకంలోనో ఉన్నదాన్ని చూసి ఎక్కించుకోవడం, పాఠం వింటూ నోట్సు రాసుకోవడం, పుస్తకం మూసేసి గుర్తున్నది కాగితం మీద పెట్టడం. మూడింటిలోనూ కలం కదులుతుంది, పేజీ నిండుతుంది. తేడా అంతా ఆ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న దానిలో ఉంది.

చూచిరాతను పూర్తిగా కొట్టిపారేయలేము. అక్షరాలు దిద్దే వయసులో గుణింతాల వంపులు, ఒత్తుల చోట్లు చేతికి అలవాటు కావాలంటే చూసి రాయక తప్పదు. చేయి కుదురుకున్నాక మాత్రం దాని పని అయిపోయినట్లే. పెద్ద తరగతుల విద్యార్థి పాఠాన్ని మక్కికి మక్కి దించుతున్నప్పుడు కన్ను నాలుగు మాటలను పట్టుకుంటుంది, చేయి వాటిని కాగితం మీద పెట్టేస్తుంది, మధ్యలో ఆలోచన నిద్రపోయినా పని ఆగదు. ఒక పంక్తి జారిపోయి వాక్యం అర్థం లేకుండా తయారైనా రాసినవాడు గమనించకపోవడమే ఇందుకు సాక్ష్యం. అయినా ఈ పద్ధతి ఇంతగా పాతుకుపోయిందంటే కారణం వేరే ఉంది: పిల్లలు రాస్తున్నంతసేపూ గది నిశ్శబ్దంగా ఉంటుంది, అందరి నోటుపుస్తకాలూ ఒకేలా ఉంటాయి, దిద్దడానికి ఒక టిక్కు సరిపోతుంది. ఆ సౌకర్యం బోధించేవారిదే తప్ప నేర్చుకునేవారిది కాదు.

వింటూ రాసుకోవడం ఇంతకంటే ఒక మెట్టు పైన ఉంటుంది. మాట వేగాన్ని చేతిరాత అందుకోలేదు కాబట్టి ఏది ఉంచాలో ఏది వదలాలో విద్యార్థి అప్పటికప్పుడు తేల్చుకోవాలి, ఆ ఎంపికలోనే కొంత చదువు జరిగిపోతుంది. ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, లాప్‌టాప్ మీద నోట్సు తీసుకున్నవారు ఉపన్యాసాన్ని ఉన్నదున్నట్లు ఎక్కువగా దించారనీ, భావాలను పరీక్షించే ప్రశ్నల్లో చేతితో రాసినవారి కంటే వెనకబడ్డారనీ తేలింది. అప్పటి నుంచి కలమా, కీబోర్డా అన్న చర్చ సాగుతూనే ఉంది. కానీ 2019లోనూ 2021లోనూ వెలువడిన పునఃపరిశీలనల్లో కలానికి అంత స్పష్టమైన ఆధిక్యం కనిపించలేదు. నా దృష్టిలో పనిముట్టు గురించిన ఈ తగువు అసలు ప్రశ్నను పక్కకు నెట్టింది. వింటూ రాయడంలోని నిజమైన చిక్కు మరొకటి: విషయం బొత్తిగా కొత్తదైనప్పుడు ఏది ముఖ్యమో తెలియదు కనుక విద్యార్థి ఉదాహరణను రాసుకుని సూత్రాన్ని వదిలేస్తాడు. పైగా నోట్సు ఉందన్న ధీమా గుర్తుపెట్టుకోవలసిన పనిని వాయిదా వేయిస్తుంది. రాత వచ్చాక మనుషులు జ్ఞాపకాన్ని వాడడం మానేస్తారని ప్లేటో ఏనాడో సోక్రటీసు నోట పలికించిన ఫిర్యాదు ఈ రాతకు బాగానే తగులుతుంది.

మూడవ రకానికి ఆ ఫిర్యాదు వర్తించదు, ఎందుకంటే అక్కడ రాత జ్ఞాపకానికి బదులుగా కాకుండా జ్ఞాపకంలోంచే పుడుతుంది. రోడిగర్, కార్పికి 2006లో చేసిన ప్రయోగంలో విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని చదివాక, కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంతా రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తున్నాయి. వారం గడిచాక ఆ లెక్క 42, 56గా తారుమారైంది. పుస్తకం మూసి రాస్తున్నవాడికి తడబాటు, ఖాళీలు, అవమానం ఎదురవుతాయి. మళ్లీ చదివేవాడికి అంతా వచ్చేసినట్లే ఉంటుంది. అందుకే స్వేచ్ఛ ఇస్తే విద్యార్థులు సాధారణంగా మేలైన పద్ధతిని ఎంచుకోరు, ఉపాధ్యాయుడే చేయించాలి. అలాగని తొలిసారి చూస్తున్న లెక్కను మూసిన పుస్తకంతో చేయమనడం మొండితనమే అవుతుంది. అక్కడ ముందు చేసి చూపిన లెక్కలను మెట్టు మెట్టుగా పరిశీలించాలి.

కాబట్టి నా ఓటు మూడవ రాతకే, దానికి ముడిసరుకుగా రెండవది ఉండాలి. అడ్డంకి దిద్దుబాటు దగ్గర వస్తుంది. చూసి రాసిన నలభై పుస్తకాలకు అరగంటలో టిక్కులు పెట్టవచ్చు. సొంత మాటల్లో రాసిన నలభై పేజీలకు ఒక్కోదానికి 4 నిమిషాలు వేసుకున్నా 160 నిమిషాలు పడుతుంది, దిద్దకుండా వదిలేస్తే తప్పుగా గుర్తున్నదే స్థిరపడే ప్రమాదం ఉంది. ఈ బరువును దించడానికి రాత చిన్నదై ఉండాలి. పాఠం చివర ఐదు నిమిషాలు, నాలుగైదు వాక్యాలు చాలు. ఆ తర్వాత విద్యార్థే పుస్తకం తెరిచి, వేరే రంగు సిరాతో తన తప్పులను తానే సరిచేసుకోవాలి. ఉపాధ్యాయుడు ప్రతిసారీ ఐదారు పుస్తకాలను మాత్రం శ్రద్ధగా చదివి, ఎక్కువమంది తడబడిన చోటును మరుసటి తరగతిలో మళ్లీ చెప్పాలి. చదివినవాటి మీద మార్కులు వేయకపోవడమే మంచిది. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు, వ్యాఖ్య పక్కన మార్కు కూడా ఉన్నప్పుడు ఆ మేలు కనిపించలేదు.