వేపచెట్టు చాటుకు పోయిన పొట్టేలు: మూడేళ్ల ఓర్బ్ అనుభవం

బొమ్మలు, వీడియోలు విశ్లేషించే ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఓర్బ్‌ను మూడేళ్లుగా వాడుతున్నాను. బొమ్మలో మూలల్లాంటి ప్రత్యేకమైన చోట్లను చుక్కలుగా పట్టుకుని, వాటితో వస్తువును గుర్తుపట్టే పద్ధతి ఇది. అందులో నాకు బాగా నచ్చిన గుణం ఒక్కటే. వస్తువు దేని చాటుకో పోయినా, బయటికి రాగానే మళ్లీ పట్టుకుంటుంది. చుక్క ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకు ఎటు కదిలిందో చూస్తూ పోయే ఆప్టికల్ ఫ్లోతో చేసినప్పుడు చుక్క ఒకసారి జారితే మళ్లీ మొదటికే. ఓర్బ్ ఒక్కో చుక్కకు 256 బిట్ల గుర్తు రాసుకుని, ప్రతి ఫ్రేములో దాన్ని వెతుకుతుంది.

దేవరకద్ర దగ్గర మా మేనమామకు గొర్రెల మంద ఉంది. అన్నీ నల్ల దక్కనీ గొర్రెలు. ముందు నడిచే పొట్టేలు ఎటు పోతే మంద అటే. దాని దారి గీద్దామని ఫోన్‌ను గోడ మీద పెట్టి వీడియో తీశాను. పొట్టేలు నడిచి వెళ్లిపోయింది, తెర మీద దాని చుట్టూ నేను గీసిన డబ్బా అక్కడే ఉండిపోయింది. మామ వంగి చూసి, "ఏందిర అల్లుడా, నీ చుక్కలన్నీ కంచె మీదనే ఉన్నయ్ గద" అన్నాడు. పెద్దది చేసి చూస్తే నిజమే. నున్నటి నల్ల ఉన్ని మీద ఒక్కటీ లేదు, కొమ్ము మెలికల దగ్గర మాత్రం నాలుగైదు.

మామ జాజుతో వీపు మీద అడ్డగీతలు గీశాడు. కంటికి ఎర్రగా బాగానే కనిపించాయి. కానీ ఓర్బ్ చూసేది రంగులు తీసేసిన బొమ్మను. అందులో జాజు ఉన్నిలో కలిసిపోయింది. తెల్ల పెయింట్ వేస్తానంటే ఉన్ని గొంగడికి పనికిరాదని ఒప్పుకోలేదు. చివరికి తెల్ల రేకు ముక్క మీద నల్లగా అంకె రాసి మెడలో కట్టాం, డబ్బాను కూడా ఆ రేకు వరకే గీశాను. పొట్టేలు వేపచెట్టు చాటుకు పోయింది, డబ్బా మాయమైంది. అవతలి నుంచి తల బయటపెట్టగానే డబ్బా వచ్చి మళ్లీ రేకు మీద కూర్చుంది. సంతోషంతో అరిచేశాను.

రేకు కెమెరా వైపు తిరిగి ఉంటేనే సుమా. పక్కకు తిరిగితే పాత చుక్కలకు, కొత్త ఫ్రేములోని చుక్కలకు కుదిరే పోలికలు పడిపోతాయి, కనీసం నాలుగు జతలు కూడా దొరక్కపోతే డబ్బా నిలవదు. ఇంకో మూడు గొర్రెలకు అదే అంకె కడితే అసలుకే మోసం వచ్చింది. ఒకే చుక్కకు రెండు పోలికలు దాదాపు సమానంగా రావడంతో అలాంటి అనుమానపు పోలికలను వదిలేసే రేషియో టెస్ట్ రెండింటినీ తీసేసింది. వేర్వేరు అంకెలు రాశాక కాస్త నయం. చుక్కలు పట్టే మరో పద్ధతి సిఫ్ట్ కూడా చూశాను, ఎక్కువ చుక్కలు పట్టింది గానీ నా పాత లాప్‌టాప్ మీద నత్తనడక.

గ్రాఫిక్స్ కార్డు లేదు, వెంబడించాల్సింది ఒక్క పొట్టేలు, అదీ పగటి వెలుతురులో. కాబట్టి నేనైతే ఓర్బ్‌నే ఉంచుకుంటాను. మంద లెక్క మాత్రం దొడ్డి తలుపు దగ్గర మామే పెడుతున్నాడు.