మొక్కలా, చెరువా, చెత్తా? నెలకో పూట ఇవ్వగలిగితే దేనికివ్వాలి?

జూన్ దగ్గరపడితే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులు మొదలవుతాయి. ఒకరు మొక్కలు నాటుదాం రండంటారు. ఇంకొకరు చెరువు గట్టున చెత్త ఏరుదామంటారు. ఈమధ్య మూడో పిలుపు కూడా వినిపిస్తోంది: మన అపార్ట్‌మెంటు తడి చెత్తను మనమే ఎరువు చేసుకుందాం అని. ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంట్లో పెద్దవాళ్లు, ఇన్నింటి మధ్య నెలకో పూట తీయడమే కష్టం. ఆ పూట ఎటు పెడితే ఊరికీ వాతావరణానికీ ఎక్కువ మేలు జరుగుతుంది?

ఏ పిలుపు వచ్చినా నేను ముందు చూసేది ఒక్కటే. అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక, మర్నాటి నుంచి ఆ పని ఎవరి చేతిలో ఉంటుంది? దీనికి జవాబున్న కార్యక్రమం చిన్నదైనా నిలుస్తుంది. జవాబు లేకపోతే వెయ్యిమంది వచ్చినా సాయంత్రానికే అయిపోతుంది.

మొక్కల సంగతి ముందు చూద్దాం, ఎక్కువమంది వెళ్లేది వాటికే కాబట్టి. దేశంలో 1950 నుంచి జూలై మొదటి వారంలో వనమహోత్సవం జరుపుతున్నారు. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైనప్పుడు పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో సైకిల్ మీద మొక్కలూ గింజలూ వేసుకుని జీవితమంతా తిరిగిన వనజీవి రామయ్య గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నాటి ఊరుకోలేదు, నీళ్లు మోసి పెంచారు. మనం ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఆ రెండో పని.

ఇక తేదీ. ప్రపంచ పర్యావరణ దినమని జూన్ 5న మొక్కలు నాటిస్తారు. ఆరోజుకి మనకింకా రోహిణి కార్తె పోదు. రోళ్లు పగిలే ఎండలని పెద్దలు చెప్పిన కార్తె అది. తొలకరి పడి నేల మెత్తబడక ముందే లేత వేరును ఆ మంటలో దింపితే ఎన్ని బతుకుతాయి? మృగశిర దాటి ఆరుద్ర వచ్చేదాకా ఆగి, రెండు మంచి వానలు పడ్డాక నాటితే అదే మొక్క తనంతట తాను నిలదొక్కుకుంటుంది. జూన్ 5న ఏదో ఒకటి చేయాలనుకుంటే గుంతలు తవ్వి పెట్టుకోవచ్చు. అడుగున్నర లోతు, అంతే వెడల్పు తీసి, పైమట్టిలో పశువుల ఎరువు కలిపి ఉంచితే నాటే రోజుకి సగం పని అయినట్టే.

ఏ మొక్క అన్నది ఇంకో పెద్ద విషయం. త్వరగా ఎదిగి పచ్చగా కనబడుతుందని మన రోడ్ల డివైడర్ల మీద కోనోకార్పస్ విపరీతంగా పెట్టారు. దాని వేళ్లు పైపుల్లోకి, కేబుళ్లలోకి చొచ్చుకుపోతున్నాయని, పుప్పొడి పడనివాళ్లకు ఇబ్బందని ఫిర్యాదులు వచ్చాక నాటొద్దని చెప్పాల్సి వచ్చింది. కానుగ, వేప, నేరేడు, పొగడ, రేల, మద్ది, చింత మన నేలకు అలవాటైన చెట్లు. పక్షులకు తిండి కూడా వీటి మీదే దొరుకుతుంది. నర్సరీ నుంచి ఏం తెస్తున్నారో నిర్వాహకులను ముందే అడగండి.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచి మీద, పంచాయతీ కార్యదర్శి మీద పెట్టారు. అమలు ఊరినిబట్టి ఉంటుంది, కానీ ఆలోచన సరైనది: ఎన్ని నాటారన్నది కాదు, ఎన్ని బతికాయన్నది లెక్క. కాలనీల్లో జరిగే మొక్కల పండగల్లో ఈ మాట అడిగేవారే ఉండరు. కార్యక్రమం అయిపోయాక వెళ్లి చూస్తే కనబడేవి చింపి పారేసిన నల్ల పాలిథీన్ కవర్లు. కొన్ని గుంతల్లో కవరు తీయకుండానే మొక్కను దింపేసి ఉంటారు. వేరు లోపలే చుట్టలు చుట్టుకుపోయి, ఏడాదికి ఆ మొక్క ఎందుకు ఎదగలేదో ఎవరికీ అర్థం కాదు. చెట్టు వాతావరణానికి చేసే మేలు నిజమే, కానీ అది ఏళ్ల మీద వచ్చే మేలు. మొదటి రెండు ఎండాకాలాలు దాటితేనే ఆ లెక్క మొదలవుతుంది.

ఇక చెరువు గట్టు, సముద్రం ఒడ్డు. ఇక్కడ ఫలితం కంటికి వెంటనే కనబడుతుంది. పొద్దున్న వచ్చినప్పుడు ప్లాస్టిక్‌తో నిండిన ఒడ్డు పదింటికల్లా శుభ్రంగా ఉంటుంది. 2022 ఆగస్టు 26న విశాఖ తీరంలో జరిగిన భారీ శుభ్రతలో వేలమంది పాల్గొని ఒక్క పూటలో 76 టన్నుల ప్లాస్టిక్ ఎత్తారని ప్రకటించారు. ఏటా సెప్టెంబరు మూడో శనివారం అంతర్జాతీయ తీర శుభ్రతా దినం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం పెట్టారు, కాబట్టి అక్కడివాళ్లకు తేదీ వెతుక్కునే పని కూడా లేదు.

కానీ విశాఖ వాళ్లను అడిగి చూడండి. ఒడ్డున చెత్త ఎక్కడిది అంటే సముద్రం వైపు చూపించరు, ఊళ్లోంచి సముద్రంలోకి పారే వాగుల్ని, అంటే గెడ్డల్ని చూపిస్తారు. ఊళ్లోని చెత్త వానకి గెడ్డల్లో పడి ఇసుకలోకి వస్తుంది. ఎగువన ఆపకపోతే దిగువన ఎన్నిసార్లు ఏరినా తరగదు. హైదరాబాద్ చెరువుల్లో గుర్రపుడెక్కదీ అదే కథ. మోకాలి లోతు నీళ్లలో దిగి గుర్రపుడెక్క లాగినవాళ్లకి తెలుసు, ఒక్క మొక్క పట్టుకుంటే వెనకాల చాపలా పది మొక్కలు వస్తాయి, నీళ్లు పీల్చి బరువెక్కి భుజాలు లాగేస్తాయి. పూటంతా పదిమంది లాగితే ఒక మూల ఖాళీ అవుతుంది. మురుగునీరు కలుస్తున్నంత కాలం దానికి తిండికి కొదవ లేదు, రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. లాగినదాన్ని గట్టు మీదే వదిలేస్తే తర్వాతి వానకి మళ్లీ నీళ్లలోకే.

అలాగని ఈ పని దండగ అనను. చెత్త ఏరినంత మాత్రాన గాల్లో కర్బనం తగ్గదు, అది ఒప్పుకోవాలి. కానీ వాతావరణ మార్పును తగ్గించడం ఒక పని, దాన్ని తట్టుకోవడం ఇంకో పని. చెరువు రెండో దానికి పనికొస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచిన వానకి ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది, పాతబస్తీ పక్కన చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ఏం చేసిందో చూశాం. నీళ్లు ఆగే చోటును కాపాడుకోవడం ఇప్పుడు ప్రాణాల సంగతి. తరచూ గట్టుకు వెళ్లేవాళ్ల అసలు బలం చీపురు కాదు, కళ్లు. కొత్తగా కలిపిన డ్రైనేజీ పైపు, రాత్రికి రాత్రి దింపిన కట్టడాల మట్టి, జరిగిపోయిన హద్దురాయి, ఇవన్నీ ముందు వాళ్లకే కనబడతాయి. 10 హెక్టార్లకు పైబడ్డ చెరువుకి పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలన్న నిబంధన తెలిసిన నలుగురు మనుషులు ఫోటో తీసి, తేదీ వేసి ఫిర్యాదు పెడితే, నలభై సంచుల చెత్తకన్నా అది ఎక్కువ పని చేస్తుంది. హైదరాబాద్ అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంట 2025లో మళ్లీ నీళ్లతో కళకళలాడిందంటే, అది కుంటేనని స్థానికులు పట్టు విడవకపోవడం కూడా ఒక కారణం.

మూడోది, ఎవరూ ఫోటో దిగనిది, తడి చెత్త. నా ఓటు దీనికే.

ఎందుకంటే లెక్క తేలిక. ఒక ఇంట్లో రోజుకి అరకిలో కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం అనుకుందాం. నూరు ఫ్లాట్లకు రోజుకి 50 కిలోలు, ఏడాదికి 18 టన్నులు. ఇదంతా పొడి చెత్తతో కలిసి డంపింగ్ యార్డుకు పోయి, గాలి ఆడని కుప్పల కింద కుళ్లి మీథేన్ అవుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది, ఇరవై ఏళ్ల లెక్కన సుమారు 80 రెట్లు. అక్కడినుంచి ఊరే నల్లనీళ్లు భూగర్భజలంలో కలుస్తాయి. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ యార్డు చుట్టుపక్కల బతికేవాళ్లు ఈ మాట ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. మన ఇంటి వాసన వాళ్ల ఇంటికి పంపుతున్నాం, ఇది న్యాయం కాదు.

పైగా ఇది దయాధర్మం కూడా కాదు, చేయాల్సిన పని. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే తడి, పొడి వేరుచేసి ఇవ్వాలని, 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే చూసుకోవాలని రాశారు. చెత్త ఆటో వెనక నిలబడి ఒక్క ఐదు నిమిషాలు చూడండి. చెత్త తీసుకెళ్లే మనిషి మన కవరు విప్పి, పప్పులో తడిసిన పాల ప్యాకెట్లను వట్టి చేతుల్తో వేరు చేస్తుంటాడు. అందులోనే పగిలిన గాజు, పిల్లల డైపర్లు. మనం వంటింట్లో రెండో బుట్ట పెట్టుకుంటే ఆయన చేతులకు ఆ బాధ తప్పుతుంది. నాకు ఈ ఒక్క కారణం చాలు.

పద్ధతి కష్టం కాదు. గాలి ఆడే డ్రమ్ము లేదా ఇటుకల తొట్టి, అడుగున ఎండుటాకులు లేదా కొబ్బరిపీచు పొట్టు. ఒక వరస తడి చెత్త, దానిమీద దానికి రెట్టింపు ఎండుటాకులు. వారానికోసారి పుల్లమజ్జిగో పేడనీళ్లో చిలకరించి, కర్రతో తిరగేయాలి. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, అంటే పని జరుగుతున్నట్టు. వాసన వస్తే తేమ ఎక్కువైందని అర్థం, ఇంకో రెండు దోసిళ్ల ఆకులు వేయండి. తెల్ల పురుగులు కనబడితే కంగారుపడి మొత్తం పారబోయకండి, అవి చెత్తను తినిపెట్టేవే. ఎముకలు, నూనె తేలే కూరలు మాత్రం వద్దు. రెండు నెలలు తిరిగేసరికి తొలకరి వాసనతో నల్లటి ఎరువు చేతికొస్తుంది.

దీని కష్టం వేరే చోట ఉంది, మనుషుల దగ్గర. అసోసియేషన్ సమావేశంలో "దోమలు వస్తాయి" అని ఒకరు, "మెయింటెనెన్స్ కడుతున్నాం కదా, మళ్లీ ఈ పనేంటి" అని ఒకరు లేస్తారు. పనిమనిషికి చెప్పకుండా ఇంట్లోవాళ్లకు మాత్రమే చెబితే మూడో రోజుకి అన్నీ ఒకే కవరులోకి పోతాయి. అందుకే మీ పూటను మొదట చెత్త మీద పెట్టకండి, గుమ్మాల దగ్గర పెట్టండి. ఒక బ్లాకు, నలుగురు మనుషులు, ప్రతి ఇంటి తలుపూ కొట్టి రెండు బుట్టలు చూపించి రావడం. ఇష్టపడ్డ పది ఇళ్లతో మొదలుపెడితే చాలు. మర్నాడు ఈ పని ఎవరిది? మనదే, మన మెట్ల కిందే ఉంది. మిగతా రెండింటికీ లేని బలం ఇదే.

సోలార్ మేళాల మాట కూడా ఒక్కసారి చెప్పుకోవాలి. కర్బనమే లెక్కైతే అది వీటన్నిటినీ మించుతుంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఏడాదికి 4,000 యూనిట్ల దాకా ఇస్తాయి, అంటే సుమారు 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు. 2024లో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద దానికి 78,000 రూపాయల రాయితీ ఉంది, అపార్ట్‌మెంట్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000. కాకపోతే అది డబ్బూ డాబా ఉన్నవాళ్ల నిర్ణయం, పూట శ్రమతో అయ్యేది కాదు. జహీరాబాద్ వైపు వీలుంటే సంక్రాంతి తర్వాత పల్లెపల్లెకూ ఎడ్లబండ్ల మీద విత్తనాలు తిరిగే పాత పంటల జాతరకు పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి. అది శ్రమదానం కాదు, చదువు.

మీ ఇల్లు చెరువుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే, నెలనెలా వెళ్లే జట్టు ఉంటే, చెరువునే ఎంచుకోండి. కాలేజీ పిల్లలకూ అదే మేలు, ఒంట్లో సత్తువ ఉంది, ఊరు ఎలా నడుస్తుందో అక్కడే తెలుస్తుంది. సొంత ఇల్లు, ముందు ఖాళీ జాగా, పక్కనే కుళాయి ఉన్నవాళ్లు ఆరుద్రలో ఒకటో రెండో మొక్కలు పెట్టి వాటినే పెంచండి. ఫ్లాట్లలో ఉండే మిగతా అందరికీ తడి చెత్తే.

తడి చెత్త మొదలుపెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వానాకాలంలో అందరూ ఆగిపోయేది ఎండుటాకులు దొరక్కే. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలేటప్పుడు వీధి ఊడ్చేవాళ్లు వాటిని కుప్పలు పెట్టి తగలబెడుతుంటారు. ముందే వాళ్లతో మాట్లాడి ఆ ఆకులు గోనెసంచుల్లో నింపించుకోండి. పది ఇళ్లకో సంచి చొప్పున మెట్ల కింద తడి తగలకుండా దాచుకుంటే ముసురు రోజుల్లో కూడా పని ఆగదు.