చేపకి పులుపు: చింతపండా, నిమ్మకాయా?

ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం ఇంటికొస్తే చాలు, ఈ పేచీ మొదలు. నాలుకకి మాత్రం రెండూ దాదాపు ఒకటే. ఆమ్లం నీటిలో ప్రోటాన్లను వదులుతుంది. రుచిమొగ్గలోని కొన్ని కణాల పొరకు ఓటాప్1 అనే ప్రోటీన్ ద్వారం ఉంటుంది. ప్రోటాన్లు అందులోంచి లోపలికి దూరగానే కణంలో విద్యుత్ స్థితి మారి, నరానికి కబురు వెళ్తుంది. పులుపును పసిగట్టేది ఇదేనని 2019లో తేలింది. ప్రోటాన్ వచ్చింది చింతపండులోని టార్టారిక్ ఆమ్లం నుంచా, నిమ్మలోని సిట్రిక్ నుంచా అని అది అడగదు. తేడా అంతా వంటలోనే.

ఖర్చు: చింతపండు ఒకసారి కొంటే ఏడాదంతా నిల్వ. మన్యం సరుకు జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణాల్లో దొరుకుతుంది. నిమ్మ ఎండాకాలంలో చుక్కలు చూపిస్తుంది.

శ్రమ: చింతపండుని నానబెట్టాలి, పిసకాలి, పిప్పి తీయాలి. నిమ్మకైతే ఒక్క పిండుడు.

రిస్క్: చింతపులుసు మరిగి చిక్కబడేకొద్దీ పులుపు పెరుగుతుంది, కాబట్టి మొదట్లోనే రుచి చూసి సరే అనుకోవద్దు. నిమ్మరసం మరిగితే సువాసన పోతుంది, చేదెక్కుతుంది.

పులుసుకి, అదీ మర్నాటికి మిగల్చాలనుకుంటే (మర్నాటిదే అసలు రుచి, ఎవరేమన్నా) చింతపండే. వేపుడుకైతే పెనం దించాక నిమ్మ.