విగాన్‌లో రెండు బసలు, ఒక చిన్న కిటికీ

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా నుంచి విగాన్ దాదాపు 400 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కితే పొద్దున దిగవచ్చు, కాకపోతే ఏసీ చలికి దుప్పటి వెంట ఉండాలి.

1999లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఊరు కదా అని, పాత ఇంటినే హోటల్‌గా మార్చినచోట గది తీసుకున్నాను. ఇల్లు బాహయ్ నా బాతో, అంటే రాతి ఇల్లు. పేరుకు రాయే గానీ కింది అంతస్తే రాయి, ఇటుక. పైన నివాసమంతా చెక్క. కింద గుర్రపుబండ్లు నిలిపే సగ్వాన్‌లో ఇప్పుడు రిసెప్షన్ పెట్టారు.

నేను వెళ్లింది కిటికీల కోసం. గాజుకు బదులు చతురస్రంగా కోసిన కాపీజ్ అనే పలచని ఆల్చిప్పలను చెక్క గళ్లలో బిగిస్తారు. ఎండ వేడి తగ్గి, పాలరంగు వెలుగు గదంతా పరుచుకుంటుంది. ఈ చిప్పల జాతి మన కాకినాడ తీరంలోనూ ఉంది. మనవాళ్లు సున్నానికి కాల్చారు, వీళ్లు కిటికీలు చేశారు! ఆ కిటికీ కింద, నేలను ఆనుకుని, ఊచలతో మరో చిన్న కిటికీ: వెంటనీల్యా. రాత్రి పై కిటికీ మూసినా, దీని పలక పక్కకు జరిపితే గాలి పాదాల నుంచి పాకుతుంది.

నా గదిలో దాన్ని ఏసీ కోసం ప్లైవుడ్‌తో మూసేశారు. తెరవమంటే కుర్రాడు నవ్వి రిమోట్ ఇచ్చాడు. శుభ్రతకు వంక పెట్టలేను, కానీ అంత అద్దె దేనికిచ్చినట్టు?

మర్నాడు సికియా భవనం చూశాను. మాజీ దేశాధ్యక్షుడు ఎల్పిదియో కిరినో భార్య పుట్టింటివారిది. అక్కడ కిటికీలు కిటికీలుగానే ఉన్నాయి. మనీలాలోని కాసా మనీలా మ్యూజియం కూడా చక్కగా ఉంటుంది, అయితే అది 1980లలో పాత ఇంటిలా కట్టిన నమూనా. సమయం తక్కువుంటే అది చాలు. విగాన్‌లోని కాయే క్రిసోలోగో వీధి మాత్రం పగలు ఫొటోల గుంపే. కలేసా అనే గుర్రపుబండి ఎక్కేముందు గంటకెంతో అడగండి.

రెండో రాత్రి ఓ సందులోని చిన్న బసకు మారాను. ఫ్యాను కిర్రుమంది, స్నానాలగది బయట. వెంటనీల్యా మాత్రం తెరిచి ఉంది. చాపమీద దాని పక్కనే పడుకున్నాను. తెల్లవారుజామున ముందు గుర్రపు డెక్కల చప్పుడు, తర్వాత వెల్లుల్లి లొంగనీసా సాసేజ్ వేగుతున్న వాసన, రెండూ అందులోంచే వచ్చాయి.