ద డార్క్ మాడ్ సమీక్ష: ఇన్‌స్టాల్ ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

చీకట్లో నక్కుతూ, కాపలావాళ్ళ కంటపడకుండా పెద్ద పెద్ద భవంతుల్లోకి దూరి దోచుకొచ్చే ఆట ఇది. 1998లో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ తెచ్చిన థీఫ్ ఆటంటే ప్రాణమిచ్చే అభిమానులు దీన్ని తయారుచేసుకున్నారు. 2009లో డూమ్ 3 అనే ఆట మీద మాడ్‌గా, అంటే ఆ ఆటకి అభిమానులు చేసే మార్పుగా, మొదటి వెర్షన్ వచ్చినప్పుడు, డూమ్ 3 కొన్నవాళ్ళే ఆడగలిగేవాళ్ళు. 2011లో డూమ్ 3 చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ ఆ ఆటని నడిపే ఇంజిన్ సోర్సు కోడ్‌ని జీపీఎల్ అనే ఉచిత లైసెన్సు కింద వదిలేసింది. దాంతో 2013లో 2.0 వెర్షన్ నుంచి డార్క్ మాడ్ సొంత కాళ్ళ మీద నిలబడింది. ఇప్పుడు ఏ ఆటా కొనక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. డూమ్ 3 సీడీ కావాలని చెప్పే పాత గైడ్లు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి. వాటిని పక్కన పెట్టేయండి, అందులోని ఫోల్డర్ల పేర్లు కూడా ఇప్పటికి పనికిరావు.

ఆట గురించి ఒక్క మాట: కనపడకుండా తిరిగే ఆటల్లో వెలుగునీడల్ని ఇంత నిజాయితీగా వాడుకున్నది ఇంకోటి దొరకదు. దీపం ఆర్పితే నిజంగానే చీకటి పడుతుంది, ఆ చీకటిలో నిలబడితే కాపలావాడు నిజంగానే చూడలేడు. చెక్క నేల మీద నడకకీ తివాచీ మీద నడకకీ వచ్చే చప్పుడు వేరు, ఆ తేడా వాడి చెవిన పడుతుంది. ఇంత మంచి ఆటని చాలామంది మెనూ కూడా చూడకుండానే వదిలేస్తున్నారు. దానికి కారణాలు దాదాపు ఎప్పుడూ రెండే: ఫోల్డరు, గ్రాఫిక్స్ డ్రైవరు. వచ్చే ఎర్రర్ సందేశాలు మాత్రం ఆ రెండింటి పేరూ ఎత్తవు. ఇన్‌స్టాలర్‌కి పూర్తి మార్కులు వేస్తాం కానీ ఆ సందేశాలకి సగం కూడా వేయలేం.

ముందు ఫోల్డరు సంగతి. అధికారిక సైట్ నుంచి దిగేది ఆట కాదు, చిన్న ఇన్‌స్టాలర్ ఉన్న జిప్ ఫైలు. చాలామంది ఆ జిప్‌ని తెరిచి, లోపల కనపడే ఇన్‌స్టాలర్ మీద అక్కడికక్కడే డబుల్ క్లిక్ చేస్తారు. అప్పుడు విండోస్ దాన్ని టెంప్ ఫోల్డర్‌లోకి విప్పి నడుపుతుంది. ఇన్‌స్టాలర్ తాను ఉన్న చోటునే ఆటకి చోటుగా చూపిస్తుంది కాబట్టి, గమనించకుండా నెక్స్ట్ కొట్టుకుంటూ పోతే ఆట మొత్తం టెంప్‌లోకి దిగుతుంది. తర్వాత ఎప్పుడో డిస్క్ క్లీనప్ నడిపితే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి నడిపినా ఇబ్బందే. పాత బిల్లులూ ఫొటోలూ ఉన్న చోట ఆట ఫైళ్ళు కూడా కలిసిపోతాయి.

సరైన పద్ధతి ఇది. సి లేదా డి డ్రైవ్‌లో నేరుగా గేమ్స్ అని ఒక ఫోల్డరు, దాని లోపల డార్క్‌మాడ్ అని ఇంకో ఖాళీ ఫోల్డరు చేయండి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. విండోస్ యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నవాళ్ళు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ జోలికి అసలు పోవద్దు. ఆ దారిలో మీ పేరు కూడా ఉంటుంది, ఇది పుట్టిన కాలపు ఇంజిన్లకి ఇంగ్లీషు కాని అక్షరాలంటే పడదు. జిప్‌లోని ఇన్‌స్టాలర్‌ని ఆ ఖాళీ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కణ్ణుంచి నడపండి. మిషన్లు, అంటే ఆటలో విడివిడిగా ఆడే దోపిడీలు, కూడా దింపుకుంటారు కాబట్టి 10 జీబీ ఖాళీ ఉంచుకుంటే తర్వాత తడుముకోనక్కర్లేదు.

ఆటని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనూ పెట్టొద్దు. ఎందుకంటే, ఈ ఆట తన సెట్టింగులు, సేవ్‌లు, దింపుకున్న మిషన్లు అన్నీ తన ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు ప్రోగ్రాముల్ని విండోస్ రాయనివ్వదు. అడ్మినిస్ట్రేటర్ అనుమతితో ఇన్‌స్టాల్ అయితే అవుతుంది, ఆట కూడా తెరుచుకోవచ్చు. కానీ మార్చిన సెట్టింగు మళ్ళీ తెరిచేసరికి ఉండదు, మిషన్ డౌన్‌లోడ్ చివరిదాకా వచ్చి విఫలమవుతుంది. లోపం ఆటదే అనిపించేది ఇక్కడే. ఆటని ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్‌గా నడపమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, అది రోగం ఉండగా నొప్పి మాత్ర వేసుకోవడం. ఫోల్డర్‌ని బయటికి జరపండి, చాలు. ఆట రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) మీద ఆధారపడదు, మొత్తం కట్ చేసి వేరే డ్రైవ్‌లో పేస్ట్ చేసినా నడుస్తుంది. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ఒక్కటి కొత్తది చేసుకోవాలి. వన్‌డ్రైవ్ ఆన్‌లైన్‌లోకి కాపీ చేస్తూ కాపలా కాసే ఫోల్డర్లూ పనికిరావు. సింక్ జరుగుతుండగా ఫైలు తాళం పడి సేవ్ ఆగిపోతుంది.

ఇక డౌన్‌లోడ్. ఇన్‌స్టాలర్ పనితనం ఇక్కడే కనపడుతుంది. ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో, కొత్త వెర్షన్‌కి ఏమేం కావాలో పోల్చుకుని, జిప్‌ల లోపల మారిన ముక్కల్ని మాత్రమే తెస్తుంది. పాత వెర్షన్ ఉన్నవాళ్ళు దాన్ని తీసేసి మొదటినుంచి ఎక్కించుకోవడం దండగ, అదే ఫోల్డర్‌లో ఇన్‌స్టాలర్ నడిపితే చాలా తక్కువ డేటాతో పని అయిపోతుంది. మొదటిసారి మాత్రం కొన్ని జీబీలు దిగాలి. రోజుకి 2 జీబీ ప్యాక్ మీద ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి మొదలుపెడితే మధ్యలో కోటా అయిపోయి, వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయి, సర్వర్‌తో లంకె తెగిపోతుంది. ఇంట్లో ఫైబర్ లేకపోతే ఉన్నవాళ్ళ దగ్గర దింపుకుని, ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. అలా తెచ్చుకున్నదీ నడుస్తుంది.

నెట్ బాగానే ఉన్నా డౌన్‌లోడ్ మొదట్లోనే ఎర్రర్‌తో ఆగిపోతుంటే యాంటీవైరస్‌ని అనుమానించండి. ఇన్‌స్టాలర్ ఒకే అభ్యర్థనలో పెద్ద ఫైలు నుంచి చాలా ముక్కల్ని కలిపి అడుగుతుంది. కొన్ని యాంటీవైరస్‌ల వెబ్ షీల్డ్, కొన్ని ఆఫీసుల్లో నెట్‌కి మధ్యవర్తిగా ఉండే ప్రాక్సీలు ఆ జవాబుని మధ్యలో పట్టుకుని చెడగొడతాయి. ఇన్‌స్టాలర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో నో మల్టీపార్ట్ అనే టిక్ ఉంది, అది పెడితే ముక్కల్ని విడివిడిగా అడుగుతుంది. కాస్త నెమ్మదే, అయినా దిగుతుంది. యాంటీవైరస్ మొత్తాన్ని ఆపేసే ముందు దీన్ని ప్రయత్నించండి. విండోస్ నీలం పెట్టెతో అడ్డుపడితే, ఫైలు అధికారిక సైట్‌దే అని రూఢి చేసుకున్నాకే మోర్ ఇన్ఫో నొక్కి రన్ ఎనీవే ఇవ్వండి. ఎవరో డ్రైవ్ లింకులో పెట్టిన ఇన్‌స్టాలర్‌కి ఈ సలహా వర్తించదు.

ఇన్‌స్టాల్ అయ్యాక ఐకాన్ నొక్కితే నల్ల తెర మెరిసి మాయమవడం రెండో పెద్ద ఫిర్యాదు. ఆటకి కనీసం ఓపెన్‌జీఎల్ 3.3 (బొమ్మలు గీయడానికి గ్రాఫిక్స్ డ్రైవర్ ఇచ్చే సౌకర్యం) కావాలి. ఈమధ్యే విండోస్ ఫార్మాట్ చేయించిన ల్యాప్‌టాప్‌ల్లో ఇది తరచూ దెబ్బతింటుంది, ఎందుకంటే షాపులో విండోస్ ఎక్కించి గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించకుండా ఇచ్చేస్తారు. డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడండి. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందంటే కారణం దొరికినట్టే. ఆ డ్రైవర్ ఇచ్చేది ఓపెన్‌జీఎల్ 1.1 మాత్రమే. సినిమాలు ఆడతాయి, బ్రౌజర్ నడుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా సైట్ల నుంచి మీ చిప్‌కి సరిపోయే డ్రైవర్ ఎక్కించి రీస్టార్ట్ చేయండి.

అక్కడ ఇంటెల్ హెచ్‌డీ 3000 అని కనపడితే, అంటే రెండో తరం కోర్ ప్రాసెసర్ల కాలం నాటిది అయితే, విండోస్‌లో దారి లేదు. ఆ డ్రైవర్ 3.1 దగ్గరే ఆగిపోయింది. హెచ్‌డీ 4000 నుంచి ఇబ్బంది లేదు. విచిత్రం ఏంటంటే, అదే హెచ్‌డీ 3000కి లినక్స్‌లో మీసా అనే ఉచిత డ్రైవర్ 3.3 ఇస్తుంది. ఆట తెరుచుకుంటుంది కానీ వేగం మీద ఆశ పెట్టుకోవద్దు. లినక్స్‌లో ఇంకో చిన్న మెలిక: దింపిన ఇన్‌స్టాలర్‌కి ఎగ్జిక్యూట్ అనుమతి ఇస్తేనే కదులుతుంది, ఫైలు ప్రాపర్టీస్‌లో ఆ టిక్ పెట్టండి.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌ల్లో ఆట తెరుచుకుని నత్తనడక నడుస్తుంటే, అది ప్రాసెసర్‌లోని చిన్న చిప్ మీద నడుస్తున్నట్టు లెక్క. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరసగా తెరిచి, ఆట ఫోల్డర్‌లోని 64 బిట్ ఎగ్జీ ఫైల్ని జాబితాలో చేర్చి హై పర్ఫార్మెన్స్ ఇవ్వండి. ఇన్‌స్టాలర్‌ని కాదు, ఆట ఎగ్జీనే చేర్చాలి.

చిన్న చిప్ ఒక్కటే ఉన్నవాళ్ళు ముందు సాఫ్ట్ షాడోస్ ఆపేయండి, ఎక్కువ బరువు దానిదే. తర్వాత యాంటీఅలియాసింగ్, యాంబియంట్ ఆక్లూజన్, బ్లూమ్. అప్పటికీ చాలకపోతే రెండర్ స్కేల్ తగ్గించండి, మెనూ అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి, లోపలి దృశ్యం మాత్రం కాస్త మసకబారుతుంది. నీడలు గీయడానికి స్టెన్సిల్, మ్యాప్స్ అని రెండు పద్ధతులున్నాయి. ఏది వేగమో చిప్‌ని బట్టి మారుతుంది కాబట్టి, దీపాలు ఎక్కువగా ఉన్న ఒకే గదిలో నిలబడి రెండూ మార్చి చూసుకోవాలి. తెర బాగా నల్లగా ఉందని గామా (తెర వెలుగు) చివరిదాకా పెంచేయొద్దు, అలా చేస్తే నీడలో ఎక్కడ దాక్కోవాలో మీకే తెలియదు. మీరు ఎంత వెలుగులో ఉన్నారో చెప్పే లైట్ జెమ్ తెర కింద కనపడుతుంది, అది ఎంత మెరుస్తుందో దాన్నే నమ్మండి.

మానిటర్‌కి పడని రిజల్యూషన్ పెట్టి తెర నల్లబడితే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఆట ఫోల్డర్‌లో డార్క్‌మాడ్ పేరుతో సీఎఫ్‌జీ ఫైలు ఉంటుంది. ఆటని మూసి, దాని పేరు మార్చండి, మళ్ళీ తెరిచినప్పుడు కొత్తది తయారవుతుంది. కీల అమరిక వేరే ఫైల్లో ఉంటుంది కాబట్టి మీరు మార్చుకున్న మీటలు పోవు.

తెలుగులో టైప్ చేసేవాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి. విండోస్‌లో రెండు కీబోర్డులు పెట్టుకుని ఉంటే, ఆట మధ్యలో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిసి పడ్డప్పుడు భాష మారిపోతుంది. ఆట ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు, సేవ్‌కి పెట్టే పేరు కనపడదు. ఆట తెరిచే ముందు విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకి రండి, ఆల్ట్, షిఫ్ట్ షార్ట్‌కట్‌ని సెట్టింగ్స్‌లో తీసేస్తే ఇంకా నయం. సబ్‌టైటిల్స్ ఉన్నాయి, ఆడియో మెనూలో పెట్టుకోవచ్చు. గోడ అవతల కాపలావాళ్ళు గొణుక్కునే మాటల యాస అందనివాళ్ళకి అవి చాలా ఉపకారం.

మిషన్లు ఆట లోపలే దింపుకోవచ్చు: న్యూ మిషన్, ఆ తర్వాత డౌన్‌లోడ్ మిషన్స్. అభిమానులు చేసినవి 150కి పైనే ఉన్నాయి, అన్నీ ఉచితం. బయటినుంచి తెచ్చుకుంటే మిషన్ ఉన్న పీకే4 ఫైల్ని విప్పకుండా ఎఫ్ఎమ్ఎస్ ఫోల్డర్‌లో పడేసి ఆట తెరవండి, మిషన్‌కి కావాల్సిన ఫోల్డరు ఆటే చేసుకుంటుంది. పీకే4 అంటే లోపల జిప్పే. అందుకే కొన్ని ప్రోగ్రాములు చివర జిప్ తగిలిస్తాయి, అలా మారిన పేరుని ఆట గుర్తుపట్టదు. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనపడేలా పెట్టుకుంటే ఈ తేడా దొరుకుతుంది. కొత్తవాళ్ళు పేరున్న పెద్ద మిషన్ల మీద పడకుండా, ఆటతో పాటే వచ్చే ట్రైనింగ్ మిషన్, ఆ తర్వాత ఎ న్యూ జాబ్ ఆడటం మేలు. అవి చిన్నవి. సెట్టింగులు సరిగ్గా కుదిరాయో లేదో కూడా వాటిలోనే తేలిపోతుంది.

చివరి జాగ్రత్త సేవ్‌ల గురించి. ఒక వెర్షన్‌లో చేసిన సేవ్ తర్వాతి వెర్షన్‌లో తెరుచుకోదు. సగంలో ఉన్న మిషన్ పూర్తి చేశాకే అప్‌డేట్ చేయండి. తొందరపడి చేసేశారా, ఇన్‌స్టాలర్‌ని మళ్ళీ నడిపి గెట్ కస్టమ్ వెర్షన్ టిక్ పెట్టి, జాబితాలోంచి పాత వెర్షన్ ఎంచుకోండి. తేడా ఉన్న ముక్కలే దిగుతాయి, సేవ్ ఫైళ్ళు మిషన్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి, ఆ సేవ్ తెరిస్తే ఆగిన చోటికి వెళ్తారు.